జెండా ఎత్తిన బావ

కరాచీ, జైలు
2019 జనవరి 9

బావా,

బతికే ఉన్నాను. ఈ మాట ముందు రాయకపోతే తులసక్క నిన్ను మిగతా ఉత్తరం చదవనివ్వదని తెలుసు. ఇప్పుడే వెళ్ళి అమ్మకు చెప్పు. చెప్పాక వచ్చి మిగతాది చదువు.

నవంబరు మొదట్లో గుజరాత్‌లో వెరావల్ రేవు నుంచి మా బోటు బయలుదేరింది. నెలాఖరులో ఒక పొద్దున వీళ్ళ గస్తీ పడవ వచ్చి పక్కన ఆగింది. నీళ్ళల్లో గీత దాటామన్నారు. బోటులో ఎనిమిదిమందిమి, ఎనిమిదిమందిమీ ఇక్కడే ఉన్నాం. దాలయ్య మావ చాప నా చాప పక్కనే. ఎవరూ మమ్మల్ని కొట్టలేదు, తిట్టలేదు. అక్కకు ఇది రెండుసార్లు చదివి వినిపించు.

కాగితం, కవరు ఇచ్చారు గాని ఇక్కడ తెలుగు వచ్చినవాడు ఒక్కడూ లేడు. అందుకని మా బ్యారక్ చూసే సిపాయి ముందు కూర్చుని, రాసిన ప్రతి మాటా హిందీలో చెప్పాలి. నువ్వు రాసేదీ అంతే. నేనే పైకి చదివి హిందీలో వినిపించాలి. వెరావల్‌లో నేర్చుకున్న హిందీ ఇందుకు పనికొచ్చింది. కాబట్టి నన్ను తిడితే ఆ తిట్లు కూడా నేనే చదువుకోవాలి, కాస్త చూసి రాయి.

ఆ సిపాయికి యాభై దాటి ఉంటాయి. అందరం చాచా అంటాం. ఆయనది ఇక్కడే ల్యారీ అనే పేట. ఒరి నాయనో, ఆ పేటలో గోడల మీద బ్రెజిల్ జెండాలు రంగులతో వేస్తారంట! అచ్చం నీ జాతే. నేను అర్జెంటీనా అనగానే మూతి ముడుచుకున్నాడు. మొన్న సెప్టెంబరులో ధాకాలో మనవాళ్ళు వీళ్ళని మూడు–ఒకటితో ఓడించారు కదా, దాని గురించి మాత్రం ఒక్క మాట ఎత్తడు. మాకు రెండు దేశాల గొడవ కన్నా బ్రెజిల్, అర్జెంటీనా గొడవే పెద్దదైపోయింది.

ఊసుపోక ఆయనకు మన 2014 ఫైనల్ కథంతా చెప్పాను. వేట నిషేధంలో బోట్లన్నీ గట్టెక్కాక, వల తాళ్ళు పరిచి గీతలు కట్టి, మన దిబ్బలపేటా కొండరేవూ ఆడిన మ్యాచ్. రైల్వే జట్టుకి కుర్రాళ్ళను ఏరుకోవడానికి వచ్చిన కోచ్ కుర్చీ వేసుకుని చూశాడు చూడు, అది. స్కోరు ఒకటి–ఒకటి. మన జగన్నాధం ఎడమ పక్క నుంచి బంతి ఎత్తి వేశాడు. నేను వాళ్ళ డిఫెండర్ల వెనకాల ఉన్నాను. కొండరేవు గోపి దాన్ని బయటికి కొడదామని ఎగిరి తలతో కొట్టాడు. సరిగ్గా తగలక అది వెనక్కి జారి నా కాళ్ళ దగ్గర పడింది. నేను గోల్లోకి తన్నాను. నువ్వు జెండా ఎత్తావు. రెండు నిమిషాల్లో వాళ్ళు అటు గోలు వేశారు. కోచ్ గోపి పేరు రాసుకుని వెళ్ళిపోయాడు.

మన పేటల పద్ధతి చెబితే చాచా నమ్మలేదు. దాడి చేసే జట్టు చుట్టమే లైను మీద జెండా పట్టాలని, సొంత మనిషి ఎత్తిన జెండాకి ఎవడూ తగువు పెట్టుకోడని పెద్దాళ్ళు పెట్టిన పద్ధతి కదా. ఆయన కడుపు పట్టుకుని నవ్వి, "డిఫెండర్ కావాలని తలతో ఆడాక అది ఆఫ్‌సైడ్ ఎలా అవుతుంది? గోలే" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "మా బావ డ్రిల్లు మాస్టారు. రిఫరీ పరీక్ష పాసయ్యాడు. ఆయన ఎత్తాడంటే ఆఫ్‌సైడే" అన్నాను. పందెం వేసుకున్నాం. నువ్వు రూలు రాసి పంపాలి. ఆఫ్‌సైడ్ అయితే ఆయన మా యార్డుకి అసలైన బంతి తెచ్చిపెడతాడు, ఇప్పుడు గుడ్డపేలికలు చుట్టి ఆడుతున్నాం. గోలు అయితే నేను వారం రోజులు బ్రెజిల్‌కి జై కొట్టాలి. నాకు ఆ గతి పట్టనీకు బావా.

ఎప్పుడు వదుల్తారో అడిగితే ఎవరూ చెప్పరు. రెండేళ్ళ నుంచి ఉన్నవాళ్ళు కూడా ఉన్నారు. ఈ చివరి మాట అమ్మకు చదవకు.

ధనరాజు

*

దిబ్బలపేట, భోగాపురం మండలం
2019 ఫిబ్రవరి 10

ఒరే ధనా,

పోస్టుమాన్ నరసింగరావు వీధి మొదట్లోనే బండి ఆపి, "ధనరాజు ఉత్తరం రాసినాడు" అని అరిచాడు. మీ అమ్మ చేపల తట్ట దించి రోడ్డు మీదే చతికిలబడింది. రెండు నెలల తర్వాత ఆ మనిషి నోట మాట విన్నాను. "ఆడు తింతన్నాడా నేదా? అదొక్కటీ సెప్పు. మిగతాది నువ్వే సదూకో" అంది. ఉత్తరమంతా రెండుసార్లు వెతికాను. ఏం తింటున్నావో ఒక్క ముక్క రాయలేదు. ఆటగాడివే గాని బుద్ధిలేదురా నీకు. ఈసారి ముందు అదే రాయి.

ప్రతి సోమవారం విజయనగరం కలెక్టరాఫీసుకి వెళ్తున్నాను. నీ ఆధార్, రేషన్ కార్డు, టెన్త్ సర్టిఫికెట్టు, నాలుగు ఫొటోలు ఇచ్చాను. నువ్వు మనవాడివేనని ఇక్కడి నుంచి కాగితం ఢిల్లీ వెళ్ళాలి, ఢిల్లీ నుంచి మీ దగ్గరికి రావాలి. మొన్న ఒక గుమాస్తా ఫొటో చూసి, "మనిషి ఈయనేనా, ఇందులో జెర్సీ వేసుకున్నాడేంటి" అన్నాడు. నీకు వేరే మంచి ఫొటో లేదు. గోపి కూడా వస్తున్నాడు. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో డ్యూటీ దిగి, యూనిఫాం మార్చుకోకుండానే వచ్చి నా పక్కన లైన్లో నిలబడతాడు.

మీ చాచా గారితో చెప్పు, బ్రెజిల్‌ని ఇష్టపడే మనిషి చెడ్డవాడై ఉండడని. మీ అర్జెంటీనాకి పోయిన వరల్డ్ కప్పులో ఫ్రాన్సు నాలుగు గోల్స్ పెట్టిన సంగతి కూడా గుర్తుచేయమను.

పందెం సంగతి. అది ఆఫ్‌సైడే. చదివి వినిపించు. తన జట్టువాడు బంతి ఆడిన క్షణంలో, బంతి కన్నా, ఎదుటి జట్టులో చివర నుంచి రెండో మనిషి కన్నా గోలు గీతకు దగ్గరగా ఉన్నవాడు ఆ చోటు వల్ల లాభం పొందితే ఆఫ్‌సైడ్. జగన్నాధం బంతి వేసినప్పుడు నువ్వు ముందున్నావు. మధ్యలో ఎవరి తలకు తగిలినా లెక్కలేదు. అంతే. ఎప్పుడో అయిపోయిన సంగతి, ఇంక దాని గురించి రాసుకోవద్దు.

ధైర్యంగా ఉండు.

మీ బావ
ఉమాశంకర్

*

కరాచీ
2019 మే 20

బావా,

బంతి వచ్చింది!

ముందు అమ్మకు. తింటున్నాను. పొద్దున రొట్టె, టీ. మధ్యాహ్నం రొట్టె, పప్పు. అన్నం వారానికోసారి. ఆ రోజు కళ్ళు మూసుకుని నెత్తళ్ళ పులుసు కలుపుకున్నట్టు తింటానని చెప్పు.

నీ ఉత్తరం మార్చి చివరికి గాని నా చేతికి రాలేదు. ఫిబ్రవరిలో రెండు దేశాల మధ్య గొడవ ముదిరినప్పుడు మాకు ఉత్తరాలు లేవు, యార్డు లేదు. చాచా కూడా మా ముఖాలు చూసేవాడు కాదు. మేమూ చూడలేదు. ఒకరోజు వచ్చి గుమ్మంలో నిలబడి, "ఇంతకీ మీ బావ ఏం రాశాడు?" అన్నాడు. చదివాను. నువ్వు రాసిన రూలు రెండుసార్లు చదివించుకున్నాడు. మూడోరోజు బంతి చంకలో పెట్టుకుని వచ్చాడు. వాళ్ళబ్బాయిలు ఆడి వదిలేసిందంట, అక్కడక్కడ తోలు లేచింది. అయితేనేం బావా, తన్నితే బంతి చప్పుడు వస్తోంది! మా బ్యారక్‌లో గుజరాత్ వాళ్ళకి ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో నేనే నేర్పాను. ఇప్పుడు ప్రతి దానికీ "ఆఫ్‌సైడ్, ఆఫ్‌సైడ్" అని నా ప్రాణం తీస్తున్నారు.

ఏప్రిల్లో ఒక జాబితా చదివారు. మాతో ఆడేవాళ్ళలో చాలామంది మూటలు కట్టుకుని వెళ్ళిపోయారు. మా ఎనిమిదిమందిలో ఒక్క పేరూ లేదు. చదవడం అయిపోయాక కూడా ఇంకో కాగితం ఉంటుందేమోనని నిలబడే ఉన్నాం. "మన పేర్లు పలకడం రాక ఒగ్గీసినారేటో" అన్నాడు దాలయ్య మావ. అప్పుడు నవ్వాం. ఆ వారం మళ్ళీ ఎవరం నవ్వలేదు. మావ ఇప్పుడు ఎక్కువసేపు గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. వెరావల్ రమ్మని ఆయన్ని లాక్కొచ్చింది నేనే కదా, లేవమని గట్టిగా చెప్పలేకపోతున్నాను.

ఇంకొకటి. చాచా మేనల్లుడు ఇక్కడి ఒక క్లబ్బులో రిఫరీ అంట. వాడు ఒక కాగితం ఇచ్చాడు. ఆ రూలు 2013 జులైలో మారిందంట. ఎదుటివాడు కావాలని ఆడిన బంతి వస్తే ఆఫ్‌సైడ్ కాదంట, ఊరికే తగిలి మళ్ళితేనే ఆఫ్‌సైడ్ అంట. చాచా ఆ కాగితం నా ముందు పెట్టి, "మీ మ్యాచ్ ఏ సంవత్సరం?" అన్నాడు. 2014 మే అన్నాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేనే పెద్దగా నవ్వేశాను. మా బావకు తెలియకుండా రూలు మారదు అన్నాను. పందెం బంతి వెనక్కి ఇవ్వక్కర్లేదులే అని ఆయన అన్నాడు గాని నాకు ఆ మాట నచ్చలేదు. నువ్వు సరిగ్గా తారీకులు వేసి రాయి. ఆయన నోరు మూయించాలి.

ధన

*

దిబ్బలపేట
2019 జులై 8

ధనా,

ఉత్తరం అందింది. మీ అమ్మకు తిండి సంగతి చదివాను. "రొట్టెలు తిని ఎలగ బతుకుతాడు" అని ఏడ్చింది. దాలయ్య వాళ్ళింటికి కూడా వెళ్ళి చెప్పాను, గోడవైపు పడుకోవడం సంగతి మాత్రం చెప్పలేదు.

కోపా అమెరికాలో మావాళ్ళు మీవాళ్ళని రెండు–సున్నాతో కొట్టారు. పొద్దున్నే లేచి చూశాను. మొదటి గోలు పడగానే పక్కకు తిరిగి నీ ముఖం చూద్దామని తిరిగాను. తులసి "ఏటి, ఎవులున్నారక్కడ?" అంది. టీవీ కట్టేశాను. బ్రెజిల్ నెగ్గితే సంతోషం లేకపోవడం నా జన్మలో ఇదే మొదటిసారి.

ఈసారి నిషేధంలో టోర్నమెంటు జరిగింది. జెండా పట్టమని అడిగారు. పట్టను అన్నాను. మోకాలు నొప్పి అన్నాను. మన గ్రౌండు పక్కదాకా విమానాశ్రయం సర్వే రాళ్ళు వచ్చాయి, వచ్చే ఏడు ఎక్కడ ఆడతారో తెలీదు.

నీ ఫైలు ఢిల్లీ వెళ్ళిందంటున్నారు. ఏ తారీకున వెళ్ళిందంటే ఒకడు మేలో అంటాడు, ఇంకొకడు వెళ్ళనే లేదంటాడు. పోయిన సోమవారం నేను ఆఫీసు వరండాలో అరిచాను. గోపి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు.

ఆ రూలు సంగతి పుస్తకం చూసి రాస్తాను. పుస్తకం స్కూలు బీరువాలో ఉంది. తాళం హెడ్మాస్టరు గణపతిరావు గారి దగ్గర ఉండిపోయింది.

బావ

*

కరాచీ
2019 ఆగస్టు 27

బావా,

హెడ్మాస్టరు గారి దగ్గర తాళం ఉండిపోయిందా? ఆ బీరువాకి అసలు తాళమే పడదు కదా. నేను ఆరేళ్ళు ఆ స్కూల్లోనే చదివాను. ఒక పక్క తలుపు తంతే తెరుచుకుంటుంది. బంతులన్నీ అలాగే తీసుకునేవాళ్ళం.

నువ్వు నాతో అబద్ధం ఆడడం ఇదే మొదటిసారి అనుకున్నాను. తర్వాత, ఇది మొదటిసారేనా అనిపించింది. ఒకసారి అనిపించాక ఆగలేదు.

దాలయ్య మావకు పచ్చకామెర్లు. ఆసుపత్రి వార్డులో పెట్టారు, బాగానే చూస్తున్నారు. రెండు దేశాల మధ్య మళ్ళీ మాటలు తెగాయి, ఇప్పట్లో జాబితాలు రావు అంటున్నారు. నేను బంతి ఆడడం మానేశాను. పది రోజులుగా తిండి కూడా మానేసినట్టే. మానాలని కాదు, ముద్ద నోటి దగ్గరికి వచ్చి ఆగిపోతోంది. చాచా తిడుతున్నాడు. ఇది అమ్మకు చదవకు బావా, నీకు దణ్ణం పెడతాను.

నీకు ఇంతవరకు రాయనిది ఒకటి ఉంది. ఆ పొద్దున బోటు నడుపుతున్నది నేను. తండేలు గంటసేపు పడుకుంటానని చుక్కాని నా చేతికి ఇచ్చాడు. బ్యాటరీ తగ్గిపోతోందని జీపీఎస్ కట్టేసి ఉంది. ముందు సముద్రపు పిట్టలు వాలుతుంటే అక్కడ చేప ఉందని అటు తిప్పాను. గీత దాటించింది నేను. మిగతా ఏడుగురికీ తెలుసు, ఒక్కరూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

చాప మీద పడుకుని ఒకటే లెక్క వేసుకుంటాను. నేను ఇలాంటివాణ్ణి, గీత ఎక్కడుందో చూసుకోనివాణ్ణి. ఇరవై ఏళ్ళప్పుడు గ్రౌండులో దాటాను, రైల్వే ఉద్యోగం పోయింది. ఇరవై నాలుగేళ్ళప్పుడు సముద్రంలో దాటాను, నా వెనకాల ఏడుగురిని ఈడ్చుకొచ్చాను. ఇంటికి వచ్చినా ఇంకోటి దాటుతాను. నాలాంటివాడు రాకపోతేనే మంచిదేమో అనిపిస్తోంది.

అందుకని అడుగుతున్నాను. పందెం కోసం కాదు. ఆ రోజు అది ఆఫ్‌సైడా, గోలా? నువ్వు ఏది చెప్పినా నమ్ముతాను. ఒక్క మాట రాయి చాలు. కాని నిజం రాయి.

ధన

*

దిబ్బలపేట
2019 అక్టోబరు 2

ధనా,

గోలు.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. చదివి సముద్రం ఒడ్డుకు వెళ్ళి కూర్చున్నాను. తులసి వచ్చి ఏమైందని అడిగితే చెప్పాను. పెళ్ళయి తొమ్మిదేళ్ళు, ఆవిడకు చెప్పడం కూడా ఇదే మొదలు. లేచి వెళ్ళిపోతూ, "ముందు ఆడికి రాయి. బేగి రాయి. ఆడు తినడం మానీసినాడు" అంది.

అది గోలే. రూలు 2013 జులై ఒకటి నుంచి మారింది. చాచా గారి మేనల్లుడు ఇచ్చిన కాగితం అక్షరం అక్షరం నిజం. గోపి ఆ బంతిని కావాలని ఆడాడు. వాడు ఎగరడం, మెడ తిప్పి కొట్టడం నేను చూశాను. నాకు అందరికన్నా దగ్గరగా జరిగింది.

రూలు మారిందని నాకు తెలియదు అని రాస్తే ఎంత సుఖంగా ఉండేదో! రాయబోయాను కూడా. మొదట రాసిన కాగితం చింపేశాను. నాకు తెలుసురా. రిఫరీల సంఘం వాళ్ళు సర్క్యులర్ పంపారు. ఇంగ్లీషులో ఉంటే డిక్షనరీ పెట్టుకుని నాలుగుసార్లు చదివాను. ఎర్ర పెన్నుతో గీతలు కూడా గీశాను. బంతి గోపి తల మీద నుంచి జారినప్పుడే నా బుర్రలో 'ఆడొచ్చు' అనే మాట వచ్చింది. నువ్వు తన్నావు. వల కదిలింది. కొండరేవు వాళ్ళందరూ ఒక్కసారి నా వైపు తిరిగారు. రెండువందల ముఖాలు. ఒకడు అరిచాడు, "బావ కాదేటి, ఎందుకెత్తుతాడు?" అని.

జెండా ఎత్తేశాను.

నిజాయితీపరుడు అనిపించుకోవాలని ఎత్తాను. మన పద్ధతి పెట్టినవాళ్ళు, చుట్టం జెండా ఎత్తితే తగువు ఉండదనుకున్నారు గాని, చుట్టం అనే భయంతో ఎత్తకూడని జెండా కూడా ఎత్తుతాడని అనుకోలేదు. కొండరేవు పెద్దలు ఆ సాయంత్రం నా భుజం తట్టి, "మాస్టారంటే ఇలగుండాల" అన్నారు. ఆ మాట వినడానికి ఎంత బాగుందో నీకు చెప్పలేను. అప్పుడు నువ్వు బోటు నీడలో కూర్చుని కాళ్ళ ఇసక దులుపుకుంటున్నావు. నేను వస్తే తలెత్తి, "పర్వాలేదులే బావా, చూసుకోవాల్సింది నేనే" అన్నావు. అప్పుడైనా చెప్పలేదు. కోచ్ ఇంకా ఊళ్ళోనే ఉన్నాడు. టీ తాగుతున్నాడు. పది అడుగులు నడిచి వెళ్ళి చెబితే అయిపోయేది.

ఆ ఆగస్టులోనే నువ్వు వెరావల్ వెళ్ళావు. ఏటేటా నిన్ను రైలెక్కించింది నేనే. ఎక్కించిన ప్రతిసారీ చెబుదామనుకున్నాను.

ఫిబ్రవరిలో నీకు పాత రూలు రాసి పంపాను. అంత దూరంలో, అలాంటి చోట ఉన్నవాడికి కూడా అబద్ధం రాశాను. నన్ను ఏమన్నా అను. చాచా గారూ, ఈ ముక్క మీకు. పందెం మీరే గెలిచారు. మా వాడు మోసం చేయలేదు, నేను చేశాను.

సముద్రంలో గీత సంగతి నాకు తెలియదు. అది నువ్వే తేల్చుకోవాలి. గ్రౌండు సంగతి నాకు తెలుసు. నువ్వు గీత చూసుకోనివాడివి కాదు. ఆ రోజు ఇసకలో అందరికన్నా బాగా చూసుకున్నవాడివి నువ్వే. ఆగాల్సినచోట ఆగావు, బంతి వచ్చాక కదిలావు. తప్పు చేసినవాడు లైను మీద ఉన్నాడు.

అత్తకు ఇంకా చెప్పలేదు. నోరు రావడం లేదు. ధనా, నన్ను తిట్టు. ఉత్తరమంతా తిట్లే రాయి, చాచా గారికి చదివి వినిపించు. కాని రాయి. తిని రాయి. నువ్వు రాయకపోతే నేను బతకలేనురా.

ఉమాశంకర్

*

కరాచీ
2019 డిసెంబరు 3

ఉమాశంకర్ బావకు,

నీ ఉత్తరం యార్డులో చాచా ముందు కూర్చుని చదివాను. చుట్టూ మనవాళ్ళు, గుజరాత్ వాళ్ళు కూడా ఉన్నారు. మొదటి మాట హిందీలో చెప్పగానే ఒకడు ఈల వేశాడు. ఆ తర్వాత సగంలో కాగితం మడిచేశాను. "చదువు" అన్నాడు చాచా. వద్దన్నాను. "నీ ఇష్టం కాదు, డ్యూటీ. చదువు" అన్నాడు. సర్క్యులర్ సంగతి, ఎర్ర పెన్ను సంగతి, భుజం తట్టిన సంగతి, అన్నీ చెప్పాను. 'చాచా గారూ' అని నువ్వు రాసినచోట ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

నీ మీద ఎంత కోపం వచ్చిందో రాయడానికి కాగితం చాలదు. అయిదేళ్ళు బావా! నన్ను రైలెక్కించి, కిటికీలోంచి అరటిపళ్ళు ఇచ్చి, "జాగర్త" అని చెప్పేవాడివి. నేను నీకు దణ్ణం పెట్టేవాణ్ణి. నువ్వు జెండా ఎత్తడమైనా అర్థమవుతుంది. రెండువందల మంది చూస్తే నేనూ ఎత్తేవాణ్ణేమో. ఆ పది అడుగులు నడవకపోవడం మాత్రం నాకు అర్థం కాలేదు. క్షమించానని రాయను. ఇప్పుడు రాస్తే అది అబద్ధం, మన మధ్య ఒక అబద్ధం చాలు.

గిన్నె విసిరేశాను. గోడను తన్నాను. చాచా పక్కకు వచ్చి నిలబడి చూస్తూ ఊరుకున్నాడు. అరగంట తర్వాత ఆకలేసింది. ఎన్ని రోజులైందో అలా ఆకలేసి. మూడు రొట్టెలు తిన్నాను. ఇది అమ్మకు చదువు.

సముద్రంలో గీత నేనే దాటాను. అది నాదే. ఆ సంగతి అందరి ముందూ పైకి చెప్పి, తప్పయిందన్నాను. "తెలుసులేరా, ఇప్పుడేటి సేత్తాం" అన్నాడు వార్డు నుంచి తిరిగొచ్చిన దాలయ్య మావ. రెండూ కలిపి మోయలేకపోయాను. ఒక్కటైతే మోస్తాను.

బంతి చాచాకు వెనక్కి ఇచ్చేశాను. అబద్ధం మీద గెలిచిన బంతి మాకు వద్దన్నాను. ఒప్పుకున్న ప్రకారం వారం రోజులు బ్రెజిల్‌కి జై కూడా కొట్టాను, నీ కళ్ళు చల్లబడ్డాయా? ఎనిమిదో రోజు చాచా మళ్ళీ బంతి చంకలో పెట్టుకుని వచ్చాడు. మమ్మల్ని రెండు పక్కలుగా నిలబెట్టాడు. దాలయ్య మావని గోడ పక్కన ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, చేతికి తన రుమాలు ఇచ్చి, లైను నువ్వు చూడు, కుర్రాడికి చుట్టానివి కదా అన్నాడు. మావకు ఆ హిందీ అర్థమై, "నానైతే ఎత్తనురా" అన్నాడు నాతో. ఎత్తాల్సి వస్తే ఎత్తాలి మావా అన్నాను.

చాచా మా గోలు దగ్గరికి రాలేదు. వాళ్ళ గోలు దగ్గరికీ వెళ్ళలేదు. మట్టిలో మడమతో ఒక గుంట చేసి, యార్డు మధ్యలో బంతి పెట్టి, అవతలి జట్టు వాళ్ళని పిలిచి మొదలుపెట్టమన్నాడు. గోలు అయ్యాక ఆట సెంటర్ నుంచే, గోలు తిన్నవాళ్ళతోనే కదా మొదలవుతుంది. నా గోలు ఆయన లెక్కలో వేశాడు బావా.

మా పేర్లు ఇంకా రాలేదు. జెండా సంగతి అమ్మకు నువ్వే చెప్పాలి, నేను రాయను. పది అడుగులే.

ధనరాజు